కీబోర్డు కొన్నారు సరే, టైపింగు వచ్చా?

మన ఐటీ జనాల్లో ఒక జబ్బు ముదురుతోంది. జీతం నాలుగు రాళ్ళు పెరగ్గానే మెకానికల్ కీబోర్డు కొనాలి. బాగా ముదిరినవాళ్ళయితే "చెర్రీ స్విచ్చులు పిల్లలాట, అసలు మజా బకిలింగ్ స్ప్రింగ్‌లోనే ఉంది" అంటారు. ఎక్కడో పాత ఐబీఎమ్ మోడల్ ఎమ్ వెతికి పట్టుకుంటారు, లేదంటే అమెరికా నుంచి యూనికాంప్ వాళ్ళది తెప్పించుకుంటారు. డబ్బా రాగానే గ్రూపులో ఓ వీడియో. ఆ వీడియోలో టకటకలాడించేవి ఎన్ని వేళ్ళో లెక్కపెట్టండి. నాలుగు! మహా అయితే ఐదు. కళ్ళు స్క్రీను మీద కాదు, కీల మీద.

నా గోలంతా దీని గురించే.

ఆ కీబోర్డు గొప్పది కాదని నేననను. కీ కింద నిలువుగా ఒక స్ప్రింగు ఉంటుంది. నొక్కేకొద్దీ కుదించుకుంటూ వచ్చి, ఒకచోట ఒక్కసారిగా పక్కకి వంగిపోతుంది. వంగి చుట్టూ ఉన్న గొట్టానికి తగిలి "టక్" మంటుంది. అదే కదలికకి అడుగున ఉన్న చిన్న ముక్క ఊగి అక్షరం పడుతుంది. అంటే వేలికి తెలియడం, చెవికి వినపడటం, కంప్యూటర్‌కి అందడం, మూడూ ఒకే దెబ్బకి జరుగుతాయి. రబ్బరు డోమ్ కీబోర్డులో ఈ భరోసా ఉండదు, అట్టడుగుదాకా నొక్కితేగానీ నమ్మకం కుదరదు. (మెంబ్రేన్ అనగానే ముఖం చిట్లించే పెద్దమనుషులకి ఓ మాట: మోడల్ ఎమ్ అడుగున ఉన్నదీ మెంబ్రేనే.)

ఇంతకీ ఇది ఎవరి కోసం పుట్టింది? ఐబీఎమ్ వాళ్ళ సెలెక్ట్రిక్ టైపు మిషన్ 1961లో వచ్చింది. దాని మీద చేతులు తిరిగిన టైపిస్టులు కంప్యూటర్ల ముందు కూర్చుంటే వేళ్ళకి అదే స్పర్శ దొరకాలని ఐబీఎమ్ పట్టుబట్టింది. రిచర్డ్ హారిస్ అనే ఇంజనీరు బకిలింగ్ స్ప్రింగ్‌కి 1978లో పేటెంటు వచ్చింది. 1981 నాటి ఐబీఎమ్ పీసీతో మోడల్ ఎఫ్, 1985 ప్రాంతంలో మోడల్ ఎమ్ వచ్చాయి. అవి తయారైన లెక్సింగ్టన్ అంతకుముందు టైపు మిషన్ల ఊరు. అంటే ఇది చూడకుండా, పది వేళ్ళతో కొట్టేవాళ్ళ కోసం చేసిన సరుకు. స్ప్రింగు వంగిన క్షణాన్ని పట్టుకుని, అడుగుదాకా పోకుండా వేలు వెనక్కి తీసుకోవడం దీని సుఖం. ప్రతి కీనీ సుత్తితో మేకు కొట్టినట్టు దిగ్గొట్టేవాడికి ఆ సుఖం ఎక్కడిది? వాడికి మిగిలేది చప్పుడొక్కటే.

ఇక్కడే మా మాచర్ల గుర్తొస్తుంది. మా ఊళ్ళో ఇంటర్ అయ్యాక ఖాళీగా ఉన్నవాళ్ళని ఇంట్లోవాళ్ళు టైపు ఇనిస్టిట్యూట్‌లో చేర్పించేవాళ్ళు. నేనూ చేరాను. పొడుగాటి గది, వరసగా పాత మిషన్లు, "ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్" అని వారాల తరబడి అదే పాఠం. కిందకి చూస్తే మాస్టారు స్కేలు పట్టుకుని వచ్చేవారు. మిషన్ ఇంకా కఠినమైన మాస్టారు. చిటికెనవేలు బలంగా పడకపోతే కాగితం మీద "ఎ" అక్షరం వెలిసిపోయినట్టు వచ్చేది. లోయర్ పరీక్షకి నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కి 45. ఇంజనీరింగ్ సీటు వచ్చినవాళ్ళు ఆ గదివైపు చూసేవాళ్ళు కాదు. అది గుమాస్తా ఉద్యోగాల కోసం తిప్పలు పడేవాళ్ళ చదువట. నాలుగేళ్ళ బీటెక్‌లో మాకు మైక్రోప్రాసెసర్ గురించి చెప్పారు, కీబోర్డు మీద వేళ్ళు ఎలా పెట్టాలో ఒక్కరూ చెప్పలేదు. రోజంతా కీబోర్డు మీదే బతికే వృత్తి మనది!

గోద్రెజ్ వాళ్ళు 2009లో ఆఫీసు టైపు మిషన్ల తయారీ ఆపేశారు. మిషన్ పోతే పోయింది, దాంతోపాటు ఆ విద్యని కూడా చెత్తబుట్టలో వేసుకున్నాం. ఇప్పుడు అదే చప్పుడుని వేలు పోసి కొనుక్కుంటున్నాం.

ఇక కష్టాల సంగతి. మొదటిది పక్కవాడు. ఆ కీబోర్డు కొన్నది మీరు, వింటున్నది అతను. ఓపెన్ ఆఫీసులో అతను క్లయింటుతో మాట్లాడుతుంటే అవతలివాళ్ళకి మీ టకటకే వినపడుతుంది. స్ప్రింగుల్లో దారం ముక్కలు దూర్చి చప్పుడు తగ్గించుకునేవాళ్ళున్నారు, తగ్గుతుందేగానీ పోదు. రెండోది బరువు. కీ నొక్కడానికి 60, 70 గ్రాముల బలం కావాలి, చెర్రీ రెడ్‌కి 45 చాలు. ఇప్పటికే మణికట్టు నొప్పులున్నవాళ్ళు మజా కోసం దీని జోలికి పోవద్దు. మూడోది వయసు. పాతవాటిలో ప్లాస్టిక్ రివెట్లు విరిగిపోతుంటాయి, టీ ఒలికితే మెంబ్రేన్ గోవిందా. విండోస్ కీ ఉండదు. కొన్ని మూడు కీలు ఒకేసారి నొక్కితే మూడోది పడదు. కొత్తది తెప్పించుకుందామంటే దాదాపు రెండు కిలోల సరుకుకి షిప్పింగూ, కస్టమ్సూ అదనం.

"అంత చప్పుడైతేనే నాకు పని సాగుతుంది" అంటారా? టీవీఎస్ గోల్డ్ ఉంది కదా! చాలాకాలం చెర్రీ బ్లూ స్విచ్చులతో వచ్చిన కీబోర్డు, మన బిల్లింగు కౌంటర్లలో ఏళ్ళ తరబడి చాకిరీ చేసింది. ఆ కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మీ ముఖం చూస్తూ బిల్లు కొడుతుంది. ఆవిడకి కీబోర్డు గురించి సిద్ధాంతాలేమీ లేవు, వేళ్ళకి పని తెలుసు.

తెలుగు విషయంలోనూ ఇదే రోగం. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండయ్యా అంటే "కీల మీద తెలుగు అక్షరాలు లేవుగా" అంటారు. ఉంటే మాత్రం? చూసి కొట్టేవాడికి అచ్చేసి ఇచ్చినా అంతే వేగం.

కాబట్టి నేను చెప్పొచ్చేదేమిటంటే, ముందు మీ దగ్గరున్న ఆ డొక్కు కీబోర్డు మీదే రోజుకో అరగంట, రెండు మూడు నెలలు, పది వేళ్ళతో చూడకుండా కొట్టడం నేర్చుకోండి. పైసా ఖర్చు లేదు. వేళ్ళు కుదిరాక కూడా బకిలింగ్ స్ప్రింగే కావాలనిపిస్తే నిరభ్యంతరంగా కొనుక్కోండి. అప్పుడు దాని విలువ మీకే తెలుస్తుంది. కాకపోతే ఇంట్లో పెట్టుకోండి, ఆఫీసుకి మాత్రం తేకండి బాబూ :)