తెగిన సంగతి ముందెవరికి తెలియాలి?



అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఎటు చూసినా కోర్సుల బోర్డులే. నెట్‌వర్కింగ్ నేర్చుకుందామని జిల్లాల నుంచి కుర్రాళ్ళు రోజూ దిగుతూనే ఉంటారు. లైను కలపడం మీద మనకున్న మోజు, కలిపిన లైనును కనిపెట్టుకుని ఉండడం మీద ఉందా? లేదనే నా అభిప్రాయం.

పోయినేడు మా నాన్న నా హాస్టలు ఫీజు కోసం ఒకరోజు పని మానుకుని ఊరి నుంచి వచ్చాడు. పంజాగుట్టలో ఒక బ్యాంకుకు వెళితే "లైను లేదు, రేపు రండి" అన్నారు. లైను ఇచ్చినవాళ్ళకు మేనేజరు ఫోను చేస్తే, "మా దగ్గర అన్నీ పచ్చ లైట్లే సార్" అని జవాబు! పచ్చ లైటు పక్క పెట్టె సంగతి చెబుతుందే గాని, ఆ చివర దాకా డేటా చేరుతోందో లేదో చెప్పదు. నాన్న సాయంత్రం బస్సుకు ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు.

దీనికి విరుగుడు లేకపోలేదు. లేబుల్ స్విచింగ్‌లో ప్రతి ప్యాకెట్‌కూ ఒక చీటీ తగిలిస్తారు. దారిలోని రూటర్లు దాన్ని చూసి, మార్చి, ముందుకు పంపుతాయి. టెలికాం రవాణాకు అనువుగా దీన్ని మలిచిందే ఎంపీఎల్‌ఎస్-టీపీ. దారి తెగిందా, ఒకరి దారి మరొకరి దారిలో కలిసిందా, ఎన్ని ప్యాకెట్లు పోయాయి, ఎంత ఆలస్యమైంది – ఇవన్నీ కనిపెట్టే సాధనాలు నెట్‌వర్కులోనే ఉండాలని 2010లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5860 చెబుతోంది.

అసలు కిటుకు ఏమిటంటే, తనిఖీ ప్యాకెట్ కూడా డేటా నడిచే దారినే నడవాలి. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు బస్సు పోతోందో లేదో చూడాల్సిన ఇన్‌స్పెక్టరు మెట్రోలో వెళ్ళి "దారి బాగుంది" అంటే ఎట్లా? వెంటనే దారి మళ్ళించవలసిన చోట ఈ పలకరింపు 3.33 మిల్లీసెకన్లకోసారి వెళుతుంది. దానికి మూడున్నర రెట్ల కాలం అందకపోతే తెగినట్టే లెక్క. 50 మిల్లీసెకన్లలో మరో దారి పట్టాలి.

ఏ పద్ధతి మేలో పెద్దలకే పొసగక, 2012లో ఐటీయూ జి.8113.1, జి.8113.2 అని రెండింటినీ ఆమోదించింది. ఏదైతేనేం, ఈ చివర నుంచి ఆ చివర దాకా పెట్టి, రోజూ చూసుకునే మనిషి కావాలి.

మన ప్రయోగశాలలో మాత్రం కలిపినవాడికే మార్కులు. ఇకమీదట ప్రాక్టికల్ పరీక్షలో లైను తెంపి, ఎక్కడ తెగిందో కనిపెట్టమనాలని నా మనవి. ఖాతాదారు ఫోను చేశాక తెలుసుకునేదాన్ని నిర్వహణ అనరు.