ఆడపిల్ల వాటా, పార్టీల ఓట్ల లెక్క

వంటావార్పూ పేజీల మధ్య ఈ రాజకీయాల గొడవేమిటి అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. పుట్టింటి ఆస్తి పంచుకునేటప్పుడు అన్నదమ్ములు కబురు చేసి, చీరా సారె పెట్టి, "ఇక్కడో సంతకం పెట్టమ్మా" అనడం మనలో చాలామంది చూసిందే. ఆ కాగితంలో వదులుకుంటున్న వాటా ఎలా వచ్చిందో, రావడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో తెలుసుకుంటే, ఆచారం పేరు చెప్పి ఓట్లడిగే పార్టీల సంగతి కూడా తెలిసిపోతుంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో హిందూ కోడ్ బిల్లు అని ఒకటి వచ్చింది. భార్య ఉండగా మరో పెళ్లి చేసుకోకూడదు, కలిసి బతకలేనప్పుడు విడాకులకు దారి ఉండాలి, ఆస్తిలో కూతురికీ భాగం ఉండాలి - స్థూలంగా ఇవీ అందులోని సంగతులు. న్యాయశాఖ మంత్రిగా డాక్టర్ అంబేద్కర్ దాన్ని భుజాన వేసుకున్నారు. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి పార్లమెంటులో గట్టిగా బలపరిచారు. కానీ బయట గగ్గోలు పుట్టింది. స్వాములు ఊరేగింపులు తీశారు. కుటుంబాలు కూలిపోతాయన్నారు, అన్నాచెల్లెళ్లు కోర్టుకెక్కుతారన్నారు. కాంగ్రెస్‌లోనే పెద్దపెద్దవాళ్లు అడ్డం తిరిగారు. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారికీ బిల్లు ఇష్టం లేదు. తొలి సాధారణ ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. ఓట్లు పోతాయేమోనన్న భయంతో 1951 సెప్టెంబరులో బిల్లును పక్కన పెట్టేశారు. అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు.

ఇంతకీ ఆ భయం నిజమేనా? ఎన్నికల్లో నెహ్రూ గారి మీద ప్రభుదత్త బ్రహ్మచారి అనే సాధువు నిలబడ్డారు. ఆయన ప్రచారమంతా ఒక్కటే - హిందూ కోడ్ బిల్లు వద్దు. నెహ్రూ గారు భారీ తేడాతో గెలిచారు. లోక్‌సభలో 489 స్థానాలుంటే కాంగ్రెస్‌కు 364 వచ్చాయి. బిల్లును వ్యతిరేకించిన జనసంఘ్‌కు మూడే వచ్చాయి. అయితే ఒక్క బిల్లును చూసే జనం ఓటేశారని అనలేం లెండి. స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీ అన్న అభిమానం అప్పుడు చాలా ఉంది. కానీ వీధిలో వినిపించినంత కోపం ఓటు పెట్టెలో కనిపించలేదన్నది మాత్రం నిజం.

ఆ ధైర్యంతోనే నెహ్రూ ప్రభుత్వం బిల్లును నాలుగు ముక్కలు చేసి, 1955, 56లలో చట్టాలుగా తెచ్చింది. 1957 ఎన్నికల్లో ఓడిపోయిందా? లేదు, ఈసారి 494లో 371 గెలిచింది.

మరి ఆ పెద్దల మాటకు విలువే లేకపోయిందా అంటే, ఉంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది. 1956 వారసత్వ చట్టంలో నాన్న స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా ఇచ్చారు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో మాత్రం పుట్టుకతో వచ్చే హక్కును కొడుకులకే ఉంచేశారు. అటువాళ్లు నొచ్చుకోకుండా పార్టీ ఇలా సర్దుకుంది. పార్టీకి సీట్లు తగ్గలేదు, తగ్గింది ఆడపిల్ల భాగమే!

ఆ లోటు పూడ్చడంలో మన తెలుగునేల ముందే నడిచింది. ఆడపడుచులంటూ ఆప్యాయంగా పిలిచిన ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం 1986లో చట్టం సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని వారికే అని మెలిక పెట్టారనుకోండి. దేశమంతటికీ, పెళ్లయినా కాకపోయినా, ఆ హక్కు వచ్చింది 2005లో. అంటే 49 ఏళ్లు! ఆ తేదీకి తండ్రి బతికి లేకపోయినా కూతురికి హక్కుంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఇది ఒక్క మతానికి సంబంధించిన కథ కాదు. షాబానో అనే పెద్దావిడకు భరణం ఇవ్వాలని 1985లో సుప్రీంకోర్టు చెబితే, మతపెద్దలు ఆగ్రహించారు. రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఆ తీర్పు పట్టు సడలించేలా 1986లో వేరే చట్టం చేసింది. మరి 1989లో ఆ ఓట్లు కాపాడాయా? 400 దాటిన సీట్లు 197కి పడిపోయాయి. బోఫోర్స్ లాంటి కారణాలూ ఉన్నాయనుకోండి. పెద్దలను మంచి చేసుకున్నంత మాత్రాన గెలుపు ఖాయం కాదని మాత్రం తేలింది.

అయినా పార్టీలు ఎందుకు భయపడతాయి? అరిచేవాళ్లు కనిపిస్తారు, ఇంట్లో ఉన్నవాళ్లు కనిపించరు. అంతెందుకు, తొలి ఎన్నికలప్పుడు ఉత్తరాది రాష్ట్రాల్లో పరాయి మగాడికి సొంత పేరు చెప్పకూడదన్న ఆచారంతో, "ఫలానావారి భార్య", "ఫలానావారి కూతురు" అని మాత్రమే రాయించుకున్న ఆడవాళ్లు ఎందరో. పేరు లేనిదే ఓటు లేదని దాదాపు 28 లక్షల మందిని జాబితా నుంచి తీసేశారు. తమ వాటా మీద జరిగే తగవులో చెయ్యెత్తే అవకాశమే వాళ్లకు లేకుండా పోయింది.

ఇప్పుడు రోజులు మారాయి. 1962లో నూటికి 63 మంది మగవారు ఓటేస్తే, ఆడవారు 47 మంది కూడా లేరు. 2019, 2024 లోక్‌సభ ఎన్నికల్లో మగవారికన్నా మన శాతమే కాస్త ఎక్కువ. అందుకే ఏ పార్టీ అయినా ఇవాళ మన గడప తొక్కకుండా ఉండలేదు.

కనుక ఈసారి ఎవరైనా వచ్చి, సంప్రదాయం కాపాడతాం ఓటేయండమ్మా అంటే, కాదనకండి, కసురుకోకండి. మంచి సంప్రదాయాలు మనకూ ముద్దే కదా! కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఒక్కమాట అడగండి: "బాబూ, ఆ కాపాడేదాంట్లో ఆడపిల్లకు ఎంత?" జవాబు సూటిగా వస్తే ఆలోచించండి. నీళ్లు నమిలితే మీకే అర్థమైపోతుంది.

అన్నట్టు, ఓటర్ల జాబితాలో మీ పేరుందో లేదో, అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకున్నారా? పుట్టింటి నుంచి కాగితం వస్తే మాత్రం చదవకుండా సంతకం పెట్టకండి. ఇవ్వాలనిపిస్తే మనస్ఫూర్తిగా ఇవ్వండి. కానీ ఏమిస్తున్నారో తెలిసి ఇవ్వండి.