కరెంటు పోయిన వీధి

మా సత్తుపల్లిలో కరెంటు పోతే అందరం ముందు చూసేది పక్కింటివైపే. వాళ్ళకూ లేదంటే మనసు కుదుటపడుతుంది. అక్కడ దీపం వెలుగుతుంటేనే అనుమానం!

ఈ గుణాన్ని బాగా కనిపెట్టినవాడు అమెరికా రచయిత రాడ్ సెర్లింగ్. 1955లో ఎమ్మెట్ టిల్ అనే నల్లజాతి కుర్రవాణ్ణి తెల్లవాళ్ళు చంపితే, ఆ ఘోరం ఆధారంగా ఆయన టెలివిజన్ నాటకం రాశాడు. ప్రకటనలిచ్చేవారు భయపడి దాని కోరలు పీకించారు. సరే, సూటిగా చెప్పనివ్వకపోతే గ్రహాంతరవాసుల చేత చెప్పిద్దామని 1959లో ‘ట్విలైట్ జోన్’ మొదలుపెట్టాడు. బుర్రకథలో కథకుడిలా వ్యాఖ్యానమూ తనదే. 156 కథల్లో 92 తానే రాశాడు.

1960 నాటి ఒక కథలో వీధంతటా కరెంటు పోతుంది. ఒకాయన కారు మాత్రం దానంతటదే స్టార్టవుతుంది. ఇంకేం, మనలోనే పరాయి గ్రహంవాడున్నాడని ఇరుగుపొరుగులు ఒకరినొకరు చంపుకుంటారు. అసలు గ్రహాంతరవాసులు గుట్టమీద నిలబడి వినోదం చూస్తుంటారు!

కట్టుకథ అంటారా? 2018 మేలో మన తెలంగాణలోనే పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయన్న వాట్సాప్ వదంతి నమ్మి జనం అమాయకులను కొట్టి చంపారు.

సెర్లింగ్ 1975లో, యాభై ఏళ్ళకే పోయాడు. ఆయన చూపిన భయం మాత్రం పోలేదు. ఫోనులో కబురు రాగానే, “ఎవరు చూశారు?” అని ఒక్క మాట అడగండి. ఒక ప్రాణం నిలవవచ్చు.