జేబు చాకు అలుగు నాలుగు వేళ్ళ వెడల్పు దాటక్కర్లేదు



పిల్లలూ, రోజూ వెంట ఉంచుకోవడానికి మడత చాకు కొనుక్కుంటాం, చిన్నది తీసుకోమంటారా పెద్దదా అని మీలో కొందరు అడుగుతున్నారు. ఫోన్లో బొమ్మలు చూపిస్తున్నారు. నల్లపూత పూసిన అలుగు, గరుకు పిడి, బొటనవేలితో తోస్తే టక్కున తెరుచుకునే ఏర్పాటు. బాగానే ఉన్నాయి, కాదనను. ఉద్యానశాఖలో పనిచేసినన్నాళ్ళూ చాకు లేకుండా నేను గడప దాటింది తక్కువ, అందుకని ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తా: ఒక్కటే కొనేటట్టయితే చిన్నది కొనండి.

ఒక వారం పాటు మీరు కోసేవేమిటో గమనించుకోండి. పార్సిల్ డబ్బా మీద టేపు, బియ్యం బస్తా మూతి కుట్టు, కొత్త చొక్కాకి వేలాడే చీటీ, ప్లాస్టిక్ తాడు, సైకిల్ హ్యాండిల్‌కి చుట్టిన వైరు, జామకాయ, మహా అయితే ఓ మామిడికాయ. వీటిలో రెండున్నర అంగుళాల అలుగు చాలని పని ఒక్కటి చూపించండి. పుచ్చకాయ అంటారా? పుచ్చకాయని జేబులో చాకుతో కోసేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. దానికి ఇంట్లో కత్తిపీట ఉంది, బండివాడి దగ్గర వాడి కత్తి ఉంది.

తూర్పుగోదావరి జిల్లా కడియం నర్సరీల పేరు మీరు వినే ఉంటారు. అక్కడ మామిడికి అంటు కట్టేవాళ్ళ చేతులు ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూడండి. కింది మొక్క కాండం మీద ఒకటిన్నర అంగుళాల పొడవున ఏటవాలుగా కోస్తారు. పై పుల్లనీ అదే కొలతకి చెక్కుతారు. కోత ఒక్క ఊపులో పడాలి. రెండోసారి గీకితే ఉపరితలం ఎగుడుదిగుడై, రెండు బెరళ్ళ కిందా ఉండే పచ్చటి పొరలు ఒకదానికొకటి ఆనవు, అంటు ఎండిపోతుంది. అంత నాజూకు పనికి వాడే చాకు అలుగు మీ చూపుడువేలంత కూడా ఉండదు. కొన్నిటికి ఒకవైపే పదును పెడతారు, రెండోవైపు చదునుగా ఉంటుంది, కోత నేరుగా పోవడానికి. పనివాడి కన్ను మొన మీద ఉండదు, బొటనవేలి దగ్గర ఉంటుంది. అలుగు ఎంత పొట్టిదైతే మొన చేతికి అంత దగ్గర, అదుపు అంత ఎక్కువ.

పెద్ద చాకులతో ఇంకో చిక్కుంది, అది అంగడిలో తెలియదు. పొడవు పెరిగే కొద్దీ బలం కోసం అలుగు మందం పెంచుతారు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందమున్న అలుగుతో జామకాయ కోసి చూడండి, సగం దాకా దిగి, ఆ పైన కాయని చీల్చేస్తుంది. అదే రెండు మిల్లీమీటర్లకు లోపున్న పల్చటి అలుగు చివరిదాకా జారుతుంది. పదును ఒక్కటే కోయదు, పల్చదనం కూడా కోస్తుంది. పెద్దదాని బరువు సంగతి సరేసరి, ప్యాంటు జేబు ఒక పక్కకి లాగేస్తుంది. నెల తిరక్కుండా అది బల్ల సొరుగులోకి చేరుతుంది. సొరుగులో ఉన్న గొప్ప చాకు కన్నా జేబులో ఉన్న మామూలు చాకు నయం.

అలాగని మరీ బుల్లిది కూడా వద్దు. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ వాళ్ళ తాళంచెవుల గుత్తికి తగిలించుకునే రకం మడిస్తే 58 మిల్లీమీటర్లే. ముద్దొస్తుంది, కత్తెరా ఉంటుంది, కాని పిడి మీద రెండు మూడు వేళ్ళకి మించి పట్టవు. గట్టి తాడు కోయబోతే చేతిలోంచి జారుతుంది. అదే కంపెనీ 91 మిల్లీమీటర్ల రకం అరచేతిలో కుదురుకుంటుంది. ఫ్రాన్సులో సవోయ్ కొండల్లో పుట్టిన ఓపినెల్ చాకుల పద్ధతి నాకు మరీ ఇష్టం. 1890లో మొదలైన ఆ చెక్కపిడి చాకులకి సైజును బట్టి అంకెలేశారు. 6వ నంబరు అలుగు 7 సెంటీమీటర్లు, 8వ నంబరుది ఎనిమిదిన్నర. రెండూ చేత్తో పట్టుకుని చూసి, పిడి మీద నాలుగు వేళ్ళూ ఆనేదాన్ని ఎంచుకోవాలి. మన లెక్కలో చెప్పాలంటే అలుగు మీ నాలుగు వేళ్ళ వెడల్పు దాటకూడదు, పిడి మాత్రం ఆ వెడల్పుకి తగ్గకూడదు.

పెద్దది ఎవరికి కావాలి? తోటలో రోజంతా పనిచేసేవాళ్ళకి, చేతులకి తొడుగులు వేసుకునేవాళ్ళకి, కొండలెక్కి అక్కడే వండుకు తినేవాళ్ళకి. వాళ్ళయినా సంచిలో పెట్టుకుంటారు, జేబులో కాదు.

ఇక చట్టం. ఇది వినీ విననట్టు వదిలేయకండి. 1959 నాటి మన ఆయుధాల చట్టం కింద చేసిన నిబంధనల్లో, 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు మించిన అలుగున్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి, ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవి మినహా. ఢిల్లీలో చదివేవాళ్ళు ఇంకా జాగ్రత్త. బటన్ నొక్కితేనో స్ప్రింగుతోనో తెరుచుకునే చాకు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు, 1980 నుంచీ అక్కడ దాని మీద ఆంక్షలున్నాయి. ఎన్నికలప్పుడూ ఊరేగింపులప్పుడూ మన ఊళ్ళలోనూ పోలీసులు నిషేధాజ్ఞలు పెడతారు, అప్పుడు కొలతల గొడవే లేదు, ఇంట్లో పెట్టి బయల్దేరడమే. ఇంగ్లండు వెళ్ళే పిల్లలకి ఒక సంగతి: అక్కడ 1988 చట్టం ప్రకారం కోసే అంచు 3 అంగుళాలు మించని, లాక్ లేని మడత చాకుని కారణం చెప్పకుండా జేబులో ఉంచుకోవచ్చు. లాక్ పడే రకమైతే ఎంత చిన్నదైనా సరైన కారణం చూపాలి. వేళ్ళకి రక్షణ కోసం పెట్టిన లాక్ అక్కడ నేరానికి దారి తీస్తుందన్నమాట. విచిత్రమే, కాని చట్టం అదే.

మీరు నోరు విప్పి అనని కారణం ఒకటుంది, నాకు తెలుసు. రాత్రిపూట ఒంటరిగా వచ్చేటప్పుడు ధైర్యానికని. నాయనా, తల్లీ, ఆ ధైర్యం కోసం మాత్రం కొనకండి. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ చాకులు ఒకప్పుడు దేశమంతా పేరు మోశాయి. తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాల అలుగు, తెరుస్తుంటే కటకటమనే చప్పుడు, హిందీ సినిమా విలన్ల చేతిలో మెరుపు. ఆ పేరే ఆ పని మీద బతికే కుటుంబాలని ముంచింది. పెద్ద చాకుల తయారీని ప్రభుత్వం కట్టడి చేసింది. పోట్లాటలో చాకు తీసినవాడికి రెండే దారులు, ఆసుపత్రో, స్టేషనో. ఆపద వస్తే అరవండి, పరుగెత్తండి, 112కి ఫోన్ చేయండి. చాకు జేబులోనే ఉండనివ్వండి. చిన్న చాకులో నాకు నచ్చే గుణం ఇదీ ఒకటి: దాన్ని చూసి ఎవరూ భయపడరు. రైల్లో పక్కసీటు అమ్మమ్మ మీ చాకు అడిగి తీసుకుని బత్తాయి కోసుకుంటుంది.

కొన్నాక రెండు పనులు చేయండి. పుల్లటి కాయ ఏదైనా కోశాక కడిగి తుడిచి మడవండి, ముఖ్యంగా స్టెయిన్‌లెస్ కాని ఉక్కైతే, పులుపుకి గంటలో నల్లబడుతుంది. పదును తగ్గితే సానరాయి లేకపోయినా ఫర్వాలేదు. పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుగు లేని గరుకు అంచు మీద అలుగుని కాస్త వాల్చి, అటు నాలుగుసార్లు ఇటు నాలుగుసార్లు లాగండి. మొద్దు చాకే చెయ్యి కోస్తుంది, ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది గనక.

చివరిగా, విమానం ఎక్కే రోజు చాకు ఎంత చిన్నదైనా చెక్-ఇన్ పెట్టెలో వేసేయండి, లేదా ఇంట్లో వదిలేయండి. 2013లో అమెరికా వాళ్ళు 6 సెంటీమీటర్లలోపు చాకుల్ని క్యాబిన్‌లోకి రానిస్తామని మార్చిలో ప్రకటించి, విమాన సిబ్బంది ఎదురుతిరిగితే జూన్‌కల్లా మానుకున్నారు. ఇంటి నుంచి బయల్దేరే ముందే జేబులు తడుముకోండి. గేటు దగ్గర బుట్టలో పడ్డ చాకు తిరిగి రాదు.

ఇట్లు,
మీ పెద్దాయన