సొట్టా? చిల్లా? పగులా?
పికప్ ట్రక్కు తొట్టికి ఏ పదార్థం మేలన్న వివాదంలో బలానికి ఎంత విలువుందో, మరమ్మతుకూ అంతే ఉంది

అది 2016 జూన్. అమెరికా టీవీల్లో ఓ వాణిజ్య ప్రకటన మొదలైంది. పక్కపక్కనే రెండు పికప్ ట్రక్కులు. ఒక యంత్రం 825 పౌండ్ల, అంటే దాదాపు 374 కిలోల కాంక్రీటు దిమ్మెల్ని పైనుంచి ఒక్కో ట్రక్కు తొట్టిలోకి గుమ్మరించింది. షెవ్రోలె సిల్వరాడో స్టీలు తొట్టికి సొట్టలు పడ్డాయి. ఫోర్డ్ ఎఫ్-150 అల్యూమినియం తొట్టికి చిల్లులే పడ్డాయి. ప్రకటన ఇచ్చింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. సిల్వరాడో తయారీదారు జనరల్ మోటార్స్.

చూసినవారికి తీర్పు తేలిపోయినట్లే అనిపించింది. కానీ ఆ ప్రకటన ఒకే ప్రశ్న అడిగింది: ఏది గట్టిది? ట్రక్కు మీద బతికేవాడికి మరో రెండు ప్రశ్నలున్నాయి. అది పాడైతే ఎలా పాడవుతుంది? పాడైనదాన్ని ఎవరు, ఎంతకు బాగుచేస్తారు? తొట్టికి ఏ పదార్థం వాడాలన్న వివాదం ముగియకపోవడానికి కారణం ఈ రెండు ప్రశ్నలే.

ఫోర్డ్ కంపెనీ 1925లో మోడల్ టి కారుకు వెనక స్టీలు తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. కార్ఖానాలోనే తయారై వచ్చిన తొలి ఫోర్డ్ పికప్ అదే. తర్వాతి దశాబ్దాల్లో చాలా ట్రక్కుల తొట్టి అడుగున చెక్క పలకలు వేసేవారు. క్రమంగా స్టీలు వాటిని తోసిరాజంది. స్టీలు చవక. ప్రెస్సు కింద రేకు పెడితే క్షణాల్లో ఆకారం వస్తుంది. దెబ్బ తగిలితే వంగుతుందే గానీ అంత త్వరగా తెగదు. సుత్తి, వెల్డింగ్ యంత్రం ఉన్న ఏ ఊళ్లోనైనా బాగుచేయించుకోవచ్చు. దాని శత్రువు ఒక్కటే, తుప్పు. మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లే ఉత్తర అమెరికాలో రంగు మీద ఒక్క గీత పడితే చాలు, తుప్పు అక్కడే మొదలవుతుంది. తొట్టిలో పరిచే ప్లాస్టిక్ లైనర్ల వ్యాపారం అంతగా పెరిగింది అందుకే.

ఆ తుప్పుకు జవాబుగానే కాంపోజిట్ వచ్చింది. మన దగ్గర జనం ‘ఫైబర్’ అని పిలిచే పదార్థానికి ఇది దగ్గరి చుట్టం. గాజు పీచు ముక్కల్ని రెసిన్‌లో కలిపి చాపలా పరిచి, వేడి అచ్చులో నొక్కితే గట్టి పలక తయారవుతుంది. దీనికి తుప్పు పట్టదు, చిన్న దెబ్బలకు సొట్ట పడదు. స్టీలు మీద పందెం కాసిన జనరల్ మోటార్సే, ఆ ప్రకటనకు పదిహేనేళ్ల ముందు 2001 సిల్వరాడోలో కాంపోజిట్ తొట్టిని అదనపు ధరకు ఇవ్వజూపింది. కొనేవారు కరువై కొన్నేళ్లకే దాన్ని మానేసింది. 2005లో టయోటా మరో దారి పట్టింది. కొత్త టకోమాలో కాంపోజిట్ తొట్టిని అదనపు సదుపాయంగా కాక అన్ని ట్రక్కులకూ మామూలు భాగంగా పెట్టింది. హోండా రిడ్జ్‌లైన్ కూడా అదే ఏడాది కాంపోజిట్ తొట్టితో వచ్చింది. టయోటా ఆ దారి వదల్లేదు సరికదా, 2022 టండ్రాలో అల్యూమినియం దన్నుతో కాంపోజిట్‌ను పెద్ద ట్రక్కులోకీ తెచ్చింది. కంటికి కనిపించని లాభానికి ముందే డబ్బు కట్టమంటే కొనుగోలుదారు వెనకాడాడు. అదే పదార్థం బండితోపాటు వస్తే ఏళ్ల తరబడి వాడుకున్నాడు.

అల్యూమినియం రావడానికి కారణం తుప్పు కాదు, బరువు. అమెరికా ప్రభుత్వం 2012లో ఇంధన పొదుపు నిబంధనల్ని బిగించింది. ఒక లీటరు సీసాలో పట్టేంత స్టీలు దాదాపు 7.8 కిలోలు తూగుతుంది. అంతే అల్యూమినియం 2.7 కిలోలు. గాజు పీచు కాంపోజిట్ 1.9 కిలోలకు అటూఇటూ. అయితే బరువు మూడో వంతుకు పడిపోదు. అల్యూమినియం వంగకుండా నిలబడే శక్తి కూడా స్టీలులో మూడో వంతే కాబట్టి రేకు మందం పెంచాలి. కాంపోజిట్‌కు ఇంకా మందం కావాలి, అడుగున పక్కటెముకల్లాంటి ఊతాలూ కావాలి. ఇవన్నీ పోగా 2015 నమూనా ఎఫ్-150 బరువు 700 పౌండ్ల దాకా, అంటే సుమారు 318 కిలోలు తగ్గిందని ఫోర్డ్ ప్రకటించింది.

ఆ లాభానికి ఖరీదు షెడ్డులో తెలిసింది. అమెరికాలో బీమా సంస్థల నిధులతో నడిచే రోడ్డు భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ 2015లో అల్యూమినియం ఎఫ్-150ని, అంతకుముందరి ఏడాది స్టీలు ఎఫ్-150ని తక్కువ వేగంతో ఒకదానికొకటి ఢీకొట్టించి చూసింది. అల్యూమినియం ట్రక్కు మరమ్మతు ఖర్చు 26 శాతం ఎక్కువని తేలింది. కారణం లోహం ధర ఒక్కటే కాదు. అల్యూమినియాన్ని స్టీలులా వేడిచేసి, కొట్టి సరిచేయడం కుదరదు. స్టీలు పొడి అంటితే అది తినుకుపోతుంది కాబట్టి పనిముట్లు, పని చేసే చోటు విడిగా ఉండాలి. కొన్ని అతుకులకు వెల్డింగ్ బదులు రివెట్లు, జిగురు వాడాలి. ఇవన్నీ తెలిసిన పనివాడు పక్క ఊళ్లో లేకపోతే, బండి పట్నంలో నిలబడి ఉన్నన్నాళ్లూ యజమానికి సంపాదన ఉండదు.

కాంపోజిట్ చిక్కు మరోలా ఉంటుంది. హద్దు దాటనంత వరకు అది దెబ్బను దిగమింగుతుంది. హద్దు దాటితే మాత్రం సొట్ట పడి హెచ్చరించకుండా పగులుతుంది. లోపల పొరలు విడిపోయినా పైకి తెలియకపోవచ్చు. ఎండకు రంగు వెలిసిపోతుంది. పాత స్టీలుకు, అల్యూమినియానికి తుక్కు కొట్టులో ధర పలుకుతుంది. ఒకసారి గట్టిపడిన గాజు పీచు పలకను మళ్లీ కరిగించలేరు కనుక దాన్ని కొనేవాడు దొరకడం కష్టం.

ఈ వివాదంలో అసలు వింత ఏమిటంటే, స్టీలు గొప్పదని 2016లో చాటిన జనరల్ మోటార్స్ 2018లో జీఎంసీ సియెర్రాకు కార్బన్ ఫైబర్ తొట్టిని ప్రకటించింది. స్టీలు తొట్టి కంటే ఇది 62 పౌండ్లు, అంటే 28 కిలోలు తేలిక. కంపెనీలకు ఏ పదార్థం మీదా భక్తి లేదని, అమ్మాల్సిన బండిని బట్టి మాట మారుతుందని అప్పుడు రుజువైంది.

ఇక భారత్ సంగతి. 2007లో ఆదిత్య బిర్లా గ్రూపులోని హిందాల్కో కొన్న నోవెలిస్ కంపెనీయే ఎఫ్-150కి అల్యూమినియం రేకు సరఫరా చేసే ప్రధాన సంస్థ. 2025 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆస్వెగోలో ఆ కంపెనీ ప్లాంటు మంటల్లో చిక్కుకుంది. ఫోర్డ్ ట్రక్కుల ఉత్పత్తి కుంటుపడింది. తన లాభాలకు 150 కోట్ల నుంచి 200 కోట్ల డాలర్ల దాకా గండి పడొచ్చని ఫోర్డ్ అంచనా వేసింది. నవంబరులో అక్కడే మరోసారి మంటలు లేచాయి. రేకు ఎంత గట్టిదైనా, అది వచ్చే దారి ఇరుకైతే బండి ఆగిపోతుందన్నమాట.

మన రోడ్ల మీద మాత్రం స్టీలుదే రాజ్యం. 2005లో వచ్చిన టాటా ఏస్ అయినా, ఊరూరా తిరిగే బొలెరో పికప్ అయినా, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మాక్స్ అయినా తొట్టి స్టీలుదే. ఇది వెనకబాటుతనమని కొట్టిపారేయడానికి లేదు. అప్పు చేసి బండి కొని, ఇటుకలు, సిమెంటు, టమాటాలు ఏది దొరికితే అది పరిమితికి మించి ఎక్కించే డ్రైవరుకు, విరిగిన డోరును సాయంత్రానికల్లా అతికించే వెల్డర్ కావాలి. విజయవాడ ఆటోనగర్‌లో బాడీలు కట్టే చేతుల్లో ఉన్నది స్టీలు విద్యే.

కానీ పరిస్థితి మారుతోంది. బరువైన బ్యాటరీ మోసే కరెంటు బండిలో తగ్గించిన ప్రతి కిలో సరుకుకు చోటిస్తుంది. 2022లో ఏస్ ఈవీని ఆవిష్కరించినప్పుడు దాని కంటైనర్‌ను తేలికైన ఆధునిక పదార్థాలతో చేశామని టాటా మోటార్స్ ప్రకటించుకుంది. అమెరికాలో ఇంధన నిబంధనల్ని మీరినందుకు వేసే జరిమానాలను 2025 జూలైలో సున్నా చేసినా, బ్యాటరీ బరువు తెచ్చే ఒత్తిడి ఎక్కడికీ పోదు.

కొత్త పదార్థాన్ని మనవాళ్లు నేర్చుకోలేరన్న భయమూ అక్కర్లేదు. కోస్తా తీరంలో చెక్క తెప్పల స్థానంలో ఫైబర్ పడవలు వచ్చాయి. 2004 సునామీ తర్వాత అవి మరింత పెరిగాయి. పగిలిన చోట గాజు పీచు గుడ్డ పరిచి రెసిన్ పూసి మళ్లీ సముద్రంలోకి దించడం తీర గ్రామాలకు కొత్త విద్యేమీ కాదు. పడవతోపాటు మరమ్మతూ ఊళ్లోకి వచ్చింది కాబట్టే ఫైబర్ అక్కడ నిలిచింది.

ట్రక్కు తయారీదారులు గుర్తుంచుకోవలసింది దీన్నే. తొట్టి ఎంత తేలికో చెప్పడంతో సరిపెట్టకుండా, దాన్ని అతికే విద్యను ఆటోనగర్ కుర్రాడికి నేర్పాలి. పగుళ్లకు బీమా ఎంత చెల్లిస్తుందో ముందే చెప్పాలి. పాత పలకల్ని వెనక్కి తీసుకోవాలి. అవేవీ లేకుండా తేలిక తొట్టిని అంటగడితే, తగ్గిన బరువంతా చివరికి డ్రైవరు నెత్తి మీద పడుతుంది.