ఆ చెయ్యి ఎప్పుడు వేడెక్కింది?

వంట బాగుంటే నలభీమపాకం అంటాం. నలుడూ మగవాడే, భీముడూ మగవాడే. ఇద్దరూ పేరు తెచ్చుకున్నది ఇంట్లో పెళ్ళాంపిల్లలకి వండి కాదు, రాజుగారి కొలువులో మారుపేర్లతో వండి. అరణ్యవాసమంతా వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ వడ్డించి ఆఖర్న తను తిన్న ద్రౌపది పేరు మీద మాత్రం ఒక్క పాకమూ లేదు. ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు, చాలామంది అన్నదే. కానీ మొన్న టోక్యోలో ఒక పెద్ద సుషి హోటల్లో కూర్చున్నప్పుడు ఈ మాట గుర్తొచ్చి, తిరిగొచ్చాక కూడా నన్ను వదల్లేదు.

టోక్యోకి నేను షికారుకి వెళ్ళలేదు. మా చెల్లెలి పురిటికి వెళ్ళాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అంతసేపు విమానంలో కూర్చోలేదు. చెల్లెలు వాళ్ళుండేది నిషికసాయ్‌లో. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు బోలెడుమంది ఉండే పేట అది. కందిపప్పూ కరివేపాకూ అన్నీ దొరుకుతాయి. అక్కడ నేను చేసిన పనేమిటో మీకు చెప్పక్కర్లేదు. బాలింతకి పథ్యం, పసిదానికి నూనె, నలుగు, నీళ్ళు, మరిదికి లంచ్ బాక్సు. నన్ను తీసుకెళ్ళడానికి మా వారు వచ్చారు. బయల్దేరే ముందు మరిదిగారు, "వదినా, మాకు వండి వండి అలిసిపోయారు. ఒక్కపూట మీరు కూర్చుని తినాలి" అని ముగ్గురికి సీట్లు రిజర్వు చేశారు. పసిపిల్లల్ని రానివ్వరట. అందుకని చెల్లెలు ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ పద్ధతిని 'ఒమకాసే' అంటారు. 'మీకే వదిలేస్తున్నాను' అని అర్థం. మెనూ కార్డు ఉండదు. ఇది కావాలి, అది వద్దు అనడం ఉండదు. (ఒంటికి పడనివి ఉంటే ముందే చెప్పాలి.) ఆ పొద్దున చేపల మార్కెట్లో ఏది బాగుంటే అది, ఆయనకి తోచిన వరుసలో, ఒక్కొక్క ముద్దే మన ముందు పెడతాడు. ఎనిమిది కుర్చీలు, పొడుగాటి చెక్కబల్ల, బల్లకి అవతల ఆయన. సెంటు పూసుకుని రావద్దని ముందే చెప్పారు. వాసనలు కలిసిపోతాయట. పెట్టిన ముద్ద పెట్టినట్టే నోట్లో వేసుకోవాలి, కబుర్లు చెబుతూ కూర్చోకూడదు. చేత్తో తినొచ్చు. అది మాత్రం నాకు భలే నచ్చింది.

పచ్చి చేప ఎలా తిన్నావమ్మా అని ఇక్కడ అందరూ అడుగుతున్నారు. తిన్నాను, బాగానే ఉంది. అసలు సుషి అంటే చేప కాదు, పుల్లన్నం. వేడన్నాన్ని వెడల్పాటి చెక్కతొట్టిలో పోసి, వెనిగరూ ఉప్పూ కలిపి, విసనకర్రతో విసురుతూ మెతుకు చిదక్కుండా తిప్పుతారు. పులిహోరకి అన్నం పళ్ళెంలో ఆరబోసుకుని మనం చేసేదీ అదే కదా! ఆ అన్నం ఒంటి వేడి మీద ఉండాలి. దాని మీద చేపముక్క, మధ్యలో పిసరంత వసాబి ముద్ద. కొహదా అనే చిన్న చేపని ఉప్పువేసి, వెనిగర్లో ఊరబెట్టి పెట్టాడు. మన ఊరగాయ పద్ధతే అనిపించింది. ట్యూనా మూడు రకాలుగా వచ్చింది. ఎర్రటి కండ, సగం కొవ్వున్నది, పొట్ట దగ్గరి కొవ్వు ముక్క. ఆ మూడోది నాలుక మీద వెన్నలా కరిగిపోయింది. ఒకప్పుడు ఆ కొవ్వు భాగాన్ని పారేసేవారట! ఆఖర్న తియ్యటి కోడిగుడ్డు అట్టు ముక్క ఒకటి.

తలకి 30 వేల యెన్‌లు. మన లెక్కలో పదిహేడు వేల పైమాటే. మన గోదావరి వైపు పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. ఆ పుస్తెలు ఎవరివో, తినేది ముందు ఎవరో, ముళ్ళు తీసి పెట్టేది ఎవరో ఆ సామెత చెప్పదు. మనకి తెలుసు.

నేను చేపలకన్నా ఎక్కువ చూసింది మా వారిని. ఈయన ఇంట్లో పప్పులో ఉప్పు ఒక పలుకు తక్కువైతే తట్టుకోలేని మనిషి. అక్కడ ఎదురుగా ఏం పెట్టినా కళ్ళు మూసుకుని తిన్నారు. ఏమిటిది అని అడగలేదు. మధ్యలో ఫోను తియ్యలేదు. ఆయన చెయ్యి కదిలినప్పుడల్లా ఆ చేతి వంకే చూశారు. లేచేటప్పుడు రెండు చేతులూ జోడించి తల వంచి దణ్ణం పెట్టారు. పదిహేడేళ్ళ కాపురంలో ఒక వంట ముందు ఆయన తల వంగడం నేను చూడటం అదే మొదలు.

'మీ ఇష్టం' అనే మాట మన ఇళ్ళల్లోనూ ఉంది. పొద్దున్నే "ఇవాళ ఏం వండమంటారు?" అని అడిగితే పేపర్లోంచి తలెత్తకుండా వచ్చే జవాబు అదే. "నీ ఇష్టం." తీరా విస్తరి ముందు కూర్చున్నాక "మళ్ళీ దొండకాయేనా?" మాట ఒకటే. అక్కడ దానికి 'నిన్ను నమ్మాను' అని అర్థం, ఇక్కడ 'నన్ను విసిగించకు' అని. అక్కడ బల్ల అవతల మనిషి ఏం పెడితే అది తినడమే గౌరవం. ఇక్కడ వంక పెట్టడం ఇంటాయన హక్కు, పిల్లల ముద్దు.

ఇంటి వంటకీ ఆ పనితనానికీ పోలికేమిటంటారేమో. ఆ మనిషి పనిని నేను తక్కువ చెయ్యను. ఆయన కత్తి కదలడం చూస్తే ఎవరైనా నోరు మూసుకోవాల్సిందే. అన్నానికి మూడేళ్ళు, ముద్దకి ఎనిమిదేళ్ళు అని వాళ్ళలో నానుడి. ఈ వృత్తిలో ఎంతో పేరున్న జిరో ఒనో మీద 2011లో ఒక డాక్యుమెంటరీ సినిమా వచ్చింది. 2014లో ఒబామాని జపాన్ ప్రధాని ఆబే భోజనానికి తీసుకెళ్ళింది ఈయన హోటల్‌కే. ఆ సినిమాలో ఒక శిష్యుడు కోడిగుడ్డు అట్టు వేస్తాడు. గురువు బాగుందనేసరికి రెండువందలు దాటాయి. ఆ రోజు అతనికి ఏడుపొచ్చిందట. నాకూ కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు. కానీ కోడిగుడ్డు అట్టు జపాన్‌లో తల్లులు పిల్లల లంచ్ బాక్సుల్లోనూ పెట్టేదే. మా చెల్లెలి పక్కింటావిడ రోజూ పొద్దున్నే వేస్తుంది. ఆవిడ అట్టుకి ఎవరూ ఏడవలేదు.

అదే సినిమాలో జిరోగారు తన పిల్లల చిన్నతనం గురించి నవ్వుతూ చెబుతారు. తెల్లవారకుండా వెళ్ళి రాత్రి పొద్దుపోయి రావడం వల్ల, ఒక ఆదివారం ఆయన ఇంట్లో పడుకుని ఉంటే, ఎవరో కొత్త మనిషి మనింట్లో నిద్రపోతున్నాడని పిల్లవాడు తల్లితో చెప్పాడట. అందరూ నవ్వే ఘట్టమే. నాకు మాత్రం ఆ తల్లి ఎక్కడుందా అనిపించింది. సినిమా అంతా వెతికినా ఆవిడ కనపడదు. పొద్దున్న మార్కెట్టూ రాత్రి ఆఖరి రైలూ ఒక మగవాడికి కుదిరాయంటే ఇంట్లో ఎవరో ఒకరు ఉండిపోబట్టే కదా. అలా ఉండిపోయినవాళ్ళని పట్టుకుని 'ఆడవాళ్ళు ఈ వృత్తికి పనికిరారు' అనడం ఎంత సులువు!

మేం వెళ్ళిన చోట బల్ల అవతల ముగ్గురూ మగవాళ్ళే. కోట్లు అందుకుని తగిలించి, టీ పోసి, వేడి తువ్వాళ్ళు ఇచ్చినావిడ ఒక్కతే ఆడమనిషి. ఆడవాళ్ళు సుషి చెయ్యరా అని మరిదిగారిని అడిగాను. "ఆడవాళ్ళ చేతులు వేడిగా ఉంటాయి, చేప పాడవుతుంది అంటారు వదినా" అన్నారాయన కొంచెం ఇబ్బందిగా. నేను నా చెయ్యి తిప్పి చూసుకున్నాను. ఈ చేత్తోనే కదా ఇన్నాళ్ళూ ఈయన లంచ్ బాక్సు కట్టింది!

ఇంటికొచ్చి కాస్త చదివాను. 1998లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు కొలిచిన లెక్కలు వచ్చాయి. ఆడవాళ్ళ ఒంటి లోపలి వేడి కాస్త ఎక్కువే గానీ, చేతులు మాత్రం మగవాళ్ళ చేతులకన్నా చల్లన, సుమారు మూడు ఫారన్‌హీట్ డిగ్రీలు తక్కువ. పైగా సుషి చేసే ఎవరైనా ముద్ద ముద్దకీ చేతులు వెనిగర్ నీళ్ళతో తడుపుకుంటారు. అరిసెలు తట్టేటప్పుడు మనం నూనె చెయ్యి చేసుకున్నట్టు. మరి ఇంకా వేడి ఎక్కడిది?

ఇంకో సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. జపాన్ సముద్రతీరాల్లో 'అమ' అనే స్త్రీలుంటారు. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకి మునిగి, అబలోనీ అనే నత్తల్ని, సముద్రపు ముళ్ళకాయల్ని ఏరుకొస్తారు. ఇసే, షిమా ప్రాంతాల్లో డెబ్భై దాటిన ముసలమ్మలు కూడా మునుగుతారు. ఈ పనికి ఆడవాళ్ళే ఎందుకు అంటే, వాళ్ళ చర్మం కింద కొవ్వు ఎక్కువ, చలిని తట్టుకుంటారు అని చెబుతారు. అంటే చన్నీళ్ళలో మునగడానికి ఆడదాని ఒంటి వేడి పనికొచ్చింది. ఆ ఏరుకొచ్చిన సరుకు నున్నటి చెక్కబల్ల మీదికి చేరేసరికి అదే వేడి దోషమైపోయింది! ఇక ఇళ్ళల్లోనా, మార్చి 3న ఆడపిల్లల బొమ్మల పండగకి చిరాషి సుషి చేసేది అమ్మలూ అమ్మమ్మలే. ఆ రోజు ఎవరి చేతుల్నీ ఎవరూ కొలవరు.

చేతి వేడి కుదరకపోతే ఇంకో కారణం సిద్ధంగా ఉంటుంది. జిరోగారి పెద్దకొడుకు యోషికాజుగారు 2011లో వాల్ స్ట్రీట్ జర్నల్‌తో అన్నమాట దాచేది కాదు. ఆడవాళ్ళకి నెలసరి వస్తుంది కనుక నాలుక రుచి నిలకడగా ఉండదు, అందుకే సుషి చెఫ్‌లు కాలేరన్నాడు. ఆ మాట చదివి నేను ఉలిక్కిపడలేదు. మనం విన్నదేగా! ఆ మూడు రోజులూ ఆవకాయ జాడీ ముట్టుకుంటే బూజు పడుతుందని మా నాయనమ్మ నన్ను గది చివర కూర్చోబెట్టింది. ఆ ఆవకాయకి కారం దంచిందీ, ముక్కలు తుడిచిందీ, కలిపిందీ అందరూ ఆడవాళ్ళే అన్న సంగతి ఆ జాడీకి మాత్రం తెలీదేమో. సముద్రాలు దాటినా కథ ఇంత దగ్గరగా ఉండటం చూస్తే కోపంకన్నా ముందు ఆశ్చర్యం వేస్తుంది.

మన పెళ్ళిళ్ళల్లో చూడండి. గాడిపొయ్యి దగ్గర పెద్ద గరిటె మగవాడిది. కూరలు తరగడం, అంట్లు తోమడం ఆడవాళ్ళది. బరువు గిన్నెలు దించలేరంటారు. నాలుగంతస్తులు ఇటుకలు మోసే ఆడవాళ్ళని రోజూ చూస్తూనే అంటారు. జపాన్‌లో చేతి వేడి, ఇక్కడ గిన్నె బరువు. సాకు ఏదైనా, ఆడవాళ్ళు తప్పుకోవాల్సింది డబ్బూ పేరూ వచ్చే చోటునుంచే.

అలాగని అక్కడ ఎవరూ ఊరుకోలేదు. టోక్యోలోని అకిహబారాలో 2010లో 'నదేషికో సుషి' అని ఒక హోటల్ మొదలైంది. బల్ల అవతల అందరూ ఆడవాళ్ళే. నడిపింది యుకి చిజుయి అనే ఆవిడ. తెల్ల కోట్లు కాదు, పూల కిమోనోలు వేసుకుని చేసేవారు. నీకు నిజంగా చేతనవునా అని మొహం మీదే అడిగిన మగవాళ్ళున్నారని ఆవిడే పత్రికలకి చెప్పింది. ఆ ప్రశ్న విన్నాక కూడా చెయ్యి వణక్కుండా చేప కొయ్యాలి. అన్నానికి మూడేళ్ళు, ముద్దకి ఎనిమిదేళ్ళు అంటారు గానీ, దీనికెన్నేళ్ళో ఆ నానుడిలో లేదు. పూల కిమోనో అవసరమా, అది కూడా చూసేవాళ్ళ కోసమే కదా అని మా చెల్లెలు ఫోన్‌లో వాదించింది. తెల్లకోటు వేసుకుంటే మగాళ్ళలా ఉందంటారు, పూలకోటు వేసుకుంటే షోకంటారు, ఆవిడ ఏం వేసుకోవాలే అన్నాను నేను.

చెల్లెలు ఇప్పుడు ఆడవాళ్ళు సుషి చేసే బల్లలు టోక్యోలో ఎక్కడెక్కడ ఉన్నాయో వాకబు చేస్తోంది. వచ్చే ఏడు పాప అన్నప్రాశనా అవీ అయ్యాక నేను మళ్ళీ వెళ్తే మేమిద్దరమే వెళ్తాం. నా వాటా డబ్బులు కథలకి వచ్చిన పారితోషికాల్లోంచి తీసి పక్కన పెడుతున్నాను. ముక్కీ మూలిగీ ఇప్పటికి నాలుగో వంతు అయింది. ఆ పూట పాపని ఎవరు చూస్తారే అని అడిగితే, ఆయన చూసుకుంటానన్నారక్కా, నేను అడగలేదు, తనే అన్నారు, అని చెప్పింది.