పదిహేను నిమిషాల ఛార్జింగ్‌కు మూల్యం ఎవరు చెల్లించాలి?

2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం ఈ-డ్రైవ్ పథకం విలువ రూ.10,900 కోట్లు. అందులో రూ.2,000 కోట్లు పబ్లిక్ ఛార్జింగ్ కేంద్రాలకు. కార్లకు 22,100, బస్సులకు 1,800, ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 48,400 ఫాస్ట్ ఛార్జర్లు లక్ష్యం. అంకెలు ఘనమైనవే. అయితే వేగానికీ ఒక ధర ఉంటుంది. అది ఎవరి నెత్తిన పడుతుందన్న ప్రశ్న మాత్రం రాజకీయ చర్చలోకి రావడం లేదు.

లిథియం అయాన్ బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు లిథియం అయాన్లు ధన ధ్రువం నుంచి కదిలి, గ్రాఫైట్‌తో చేసిన రుణ ధ్రువపు పొరల మధ్యకు చేరతాయి. అలా సర్దుకోవడానికి వాటికి కొంత వ్యవధి కావాలి. కరెంటు ఉద్ధృతి మితిమీరితే, లోపలికి చేరలేని లిథియం ఉపరితలం మీదే లోహంగా పేరుకుంటుంది. అందులో కొంత మళ్లీ ఎన్నటికీ పనికిరాదు, ఆ మేరకు బ్యాటరీ సామర్థ్యం తరుగుతుంది. ఆ లోహం సూదుల్లా పెరిగితే షార్ట్ సర్క్యూట్ ముప్పు కూడా ఉంది. దీనికితోడు వేగంగా ఛార్జ్ చేసినప్పుడు పుట్టే వేడి బ్యాటరీ ఆయువును తగ్గిస్తుంది. అందుకే నియంత్రణ వ్యవస్థ దాదాపు 80 శాతం దాటాక వేగానికి కళ్లెం వేస్తుంది. ప్రకటనల్లో ‘80 శాతం వరకు’ అని చిన్న అక్షరాల్లో కనిపించేది ఇందుకే.

ప్రత్యామ్నాయ రసాయనాలు లేకపోలేదు. లిథియం టైటనేట్ బ్యాటరీలు త్వరగా ఛార్జ్ అవుతాయి, ఎక్కువకాలం మన్నుతాయి. కానీ అంతే బరువులో తక్కువ విద్యుత్తును నిల్వ చేస్తాయి, ధరా ఎక్కువే. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాల్సిందే.

భారం బ్యాటరీతోనే ఆగదు. 30 యూనిట్ల విద్యుత్తును పావుగంటలో ఎక్కించాలంటే 120 కిలోవాట్లు కావాలి. ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున లెక్కిస్తే అది 40 ఇళ్ల లోడు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చును డిస్కంలు మోసినా, చివరకు అది అందరి బిల్లుల్లోకే చేరుతుంది.

అసలు అసమానత ఇక్కడే ఉంది. సొంత పార్కింగ్ ఉన్న కారు యజమాని రాత్రంతా ఇంట్లోనే నెమ్మదిగా ఛార్జ్ చేసుకుంటాడు. ఆ విద్యుత్తుపై జీఎస్టీ లేదు, బ్యాటరీకీ శ్రమ లేదు. అద్దె గదిలో బతికే ఆటో డ్రైవరుకు పబ్లిక్ కేంద్రమే దిక్కు. అక్కడి ఛార్జింగ్ సేవపై 18 శాతం జీఎస్టీ. బండి ఆగిన ప్రతి గంటా కూలి నష్టమే కనుక అతడు వేగాన్నే ఎంచుకుంటాడు. వాహనంలో అత్యంత ఖరీదైన భాగాల్లో ఒకటైన బ్యాటరీ అరిగిపోతుంది, వాయిదాలు మాత్రం మిగిలే ఉంటాయి.

జాతీయ రహదారులకూ, బస్సు డిపోలకూ ఫాస్ట్ ఛార్జర్లు తప్పనిసరి, వాటిని కాదనలేం. అయితే ఆటో స్టాండ్లలో, బస్తీల్లో, అపార్ట్‌మెంట్లలో రాత్రిపూట వాడుకోగల చౌకైన నెమ్మది ఛార్జింగ్‌కూ అంతే ప్రాధాన్యం దక్కాలి. ఇంటి విద్యుత్తుకు లేని పన్ను పబ్లిక్ ఛార్జింగ్‌పై ఎందుకో జీఎస్టీ మండలి సమాధానం చెప్పాలి. యూరోపియన్ యూనియన్ 2027 ఫిబ్రవరి నుంచి విద్యుత్ వాహనాల బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్టును తప్పనిసరి చేస్తోంది. తరచూ ఫాస్ట్ ఛార్జింగ్ చేస్తే బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుందో, వారంటీ వర్తిస్తుందో లేదో కొనుగోలుదారుకు ముందే చెప్పాలన్న నిబంధన ఇక్కడా రావాలి. ఎన్ని ఛార్జర్లు పెట్టారన్న లెక్కతో పాటు, వాటిని వాడినవారి బ్యాటరీలు ఎన్నాళ్లు నిలిచాయన్న లెక్కనూ పార్లమెంటు అడిగి తీరాలి.